పక్క సీటులో కునుకు

ఆ డ్రైవింగ్ స్కూలులో ఆడవాళ్ళకు కారు నేర్పేది ఒక్కావిడే. అందరూ ఆమెను టీచరమ్మ అనేవారు. నడిరోడ్డు మీద బండి ఆగిపోయి, వెనక హారన్లు చెవులు చిల్లులు పొడుస్తున్నా చలించేది కాదు. "అరవనీ, వాళ్ళేమైనా స్టీరింగు పట్టుకుని పుట్టారా? నువ్వు తాళం తిప్పు" అనేది.

అలాంటి మనిషి భర్త ఒక భవనానికి రంగులేస్తూ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆడపడుచు ఫోను చేసి, "వదినా, నేనొచ్చి ఆసుపత్రిలో కూర్చుంటాను, కాస్త నడుం వాలుద్దువుగానీ" అంది.

"నాకేం, రాయిలా ఉన్నాను. నువ్వు నీ పిల్లల్ని చూసుకో" అని పెట్టేసింది టీచరమ్మ.

అప్పటినుంచి వార్డు బయట బెంచీయే ఆమెకు మంచం, బిస్కెట్లే భోజనం. స్నానం రేపటికి, మళ్ళీ రేపటికి వాయిదా పడేది. ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడేది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. కారు మాత్రం మానలేదు.

అప్పట్లో ఆమె దగ్గర నేర్చుకుంటున్నది పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దావిడ. "మా ఆయన ఉన్నన్నాళ్ళూ పక్కన కూర్చుని ఆయనకి డ్రైవింగు చెప్పాను. నేర్చుకోవడం ఇప్పుడు మొదలెట్టాను" అని నవ్వించేది. కారెక్కగానే అద్దాలన్నీ దించేసేది.

ఒకరోజు పొద్దున్న గోదాముల రోడ్డు మీద, గేరు మార్చమని చెప్పడం వరకే టీచరమ్మకు గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి కారు పక్కకు ఆగి ఉంది. పెద్దావిడ ఇంకా స్టీరింగు వదల్లేదు.

"ఎందుకాపారు?"

"లారీ ఎదురొచ్చింది. మీ వైపు బ్రేకు మీరు తొక్కుతారనుకున్నాను. చూస్తే తల వాల్చేసి ఉన్నారు. ఎలాగో నేనే పక్కకి లాగాను."

"నిద్రేం కాదు. కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడు వింటున్నాను."

తన అబద్ధం తనకే రోతగా తోచింది. ఆ ఉక్రోషంలో, "ముందా అద్దాలెత్తండి, దుమ్ము కొడుతోంది!" అని కసిరింది.

పెద్దావిడ ఎత్తలేదు. మెల్లగా అంది. "ఏమనుకోకు అమ్మాయ్. స్నానం చేసి ఎన్నాళ్ళయింది?"

టీచరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఈ మధ్య ఇద్దరు ఆడవాళ్ళు ఏవో సాకులు చెప్పి క్లాసులు మానేశారు. భయపడి మానేశారని తను వాళ్ళను వెక్కిరించింది కూడా. చేతులు చంకల్లో బిగించుకుని, తలుపు వైపుకు ఒదిగిపోయింది.

"మా ఆయన పోయినప్పుడు నేనూ ఇలాగే ఉండేదాన్ని," అంది పెద్దావిడ. "కౌంటరు దగ్గర జనం దూరంగా జరిగేవాళ్ళు. ఎందుకో ఒక్కరూ చెప్పలేదు. ఆఖరికి డాక్టరు దగ్గరికెళ్ళాక గానీ మళ్ళీ మనిషిని కాలేదు."

టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

రోడ్డు పక్కన కారు వదిలేసి, ఇద్దరూ ఆటోలో టీచరమ్మ ఇంటికి వెళ్ళారు. వంటింట్లో అంట్లు బూజు పట్టి ఉన్నాయి. పరాయి మనిషి అవి చూస్తుంటే టీచరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. పెద్దావిడ మాత్రం ఏమీ ఎరగనట్టు ఆమెకు నీళ్ళు కాచి ఇచ్చింది. తల తుడుచుకుని వచ్చేసరికి పళ్ళెంలో వేడన్నం పెట్టింది. నాలుగు ముద్దలు తిన్నాక టీచరమ్మ ఆడపడుచుకు ఫోను చేసింది.

"నా వల్ల కావట్లేదు..." అని మొదలుపెట్టింది. ఆడపడుచే అందుకుని, "బయల్దేరుతున్నా వదినా" అంది. ఒక్క ఎత్తిపొడుపు మాటైనా లేదు. అదే టీచరమ్మకు ఎక్కువ గుచ్చుకుంది.

కారులో నిద్రపోయిన సంగతి స్కూలు యజమానికి తనే చెప్పింది. డాక్టరు సరేననేదాకా కారెక్కొద్దన్నాడాయన. ఆఫీసు గదిలో ఫోన్లెత్తుతూ కూర్చుంటే, ఎందుకు కూర్చోబెట్టారో అందరికీ తెలుసన్న ఊహకే ఆమె తల దించుకునేది. డాక్టరు మందిచ్చి, వేళకు తినమన్నాడు, నిద్రకు టైము పెట్టుకోమన్నాడు, మనసులోది ఎవరికైనా చెప్పమన్నాడు. కొన్నాళ్ళకు దడ తగ్గింది.

ఒక మధ్యాహ్నం జరిగిందంతా భర్తకు చెప్పేసింది.

"నాకూ వాసన తెలుస్తూనే ఉండేది," అన్నాడతను. "చెబితే నొచ్చుకుంటావని మొహం అటు తిప్పుకుని పడుకునేవాణ్ణి."

నొప్పికి తిప్పుకుంటున్నాడనుకుంది ఇన్నాళ్ళూ! "చెప్పాల్సింది," అంది గొణుగుతూ, అతని దుప్పటి సర్దుతూ.

డాక్టరు సరేనన్నాక టీచరమ్మ మళ్ళీ కారెక్కింది. మానేసిన ఇద్దరికీ ఫోను చేసి క్షమాపణ చెప్పుకుంది. ఒకామె వచ్చింది. రెండో ఆమె రాలేదు.