చీమ సిస్టర్ ఎడమ చెయ్యి

డయాలిసిస్ గదిలో అందరూ ఆమెను చీమ సిస్టర్ అంటారు. సూది గుచ్చే ముందు "ఏం లేదు, చీమ కుట్టినట్టుంటుంది" అనడం ఆమె అలవాటు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పట్టుకున్న మాట, జుట్టు నెరిసినా వదల్లేదు. మనిషి పొట్టి. సెలైన్ సీసా తగిలించాలంటే మునివేళ్ళ మీద లేవాలి. నవ్విందంటే పక్క వార్డుకు వినిపిస్తుంది. టీ చల్లారాకే తాగుతుంది. వేడిగా తాగే తీరిక ఏనాడూ దొరక్క అదే రుచి అయిపోయింది.

ఏటా చలి మొదలయ్యే ముందు ఫ్లూ టీకాలు వస్తాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళకు ఫ్లూ సోకితే మామూలు జలుబులా వచ్చి పోదు. అందుకే రోగులతోపాటు వాళ్ళను అంటిపెట్టుకుని పనిచేసే సిబ్బందికీ వేస్తారు. వేసేది చీమ సిస్టరే. తను మాత్రం ఒక్క ఏడాదీ వేయించుకోలేదు. పొద్దుటి షిఫ్టువాళ్ళు సాయంత్రం వేయించుకుని ఉంటుందనుకునేవారు, సాయంత్రంవాళ్ళు పొద్దున్నే అయిపోయిందనుకునేవారు. వడ్డించే మనిషి తిన్నదో లేదో ఎవరడుగుతారు?

కనిపెట్టింది టైలర్ బాబాయ్. వారానికి మూడు రోజులు డయాలిసిస్‌కు వచ్చి, కిటికీ పక్క కుర్చీలో గంటల తరబడి కదలకుండా పడుకునే మనిషికి చూడటం తప్ప పనేముంది? కిందటి చలికాలం టీకా వద్దని మొండికేసి, ఫ్లూ తగులుకుని, పై అంతస్తులో ఆక్సిజన్ పెట్టించుకున్నాడు. డ్యూటీ దిగాక చీమ సిస్టర్ రోజూ మెట్లెక్కి చూసి వచ్చేది. ఇంకోసారి అలా పడితే లేస్తాడన్న నమ్మకం ఆమెకు లేదు. ఈ ఏడు ఆయనకు ఎలాగైనా టీకా వేయాలని పట్టుబట్టింది.

సిబ్బంది టీకాలు ముగిసిన మర్నాడు ట్రే పట్టుకుని ఆయన దగ్గరికొచ్చింది. ఆయన ఎడమ చేతికి మిషను గొట్టాలున్నాయి.

"బాబాయ్, కుడి చొక్కా చెయ్యి పైకి మడువు."

"నాకొద్దు."

"దబ్బనాలంత సూదులు రెండేసి గుచ్చితే కిక్కురుమనవు. దీనికేంటి? చీమ..."

"చీమ సంగతి తర్వాత. నిన్న నువ్వు వేయించుకున్నావా?"

"అందరూ వేయించుకున్నారు."

"అందర్నీ అడగలేదమ్మా. పొద్దుట్నుంచీ చూస్తున్నా. నర్సులంతా ఎడం భుజం పట్టుకుని అబ్బా అంటున్నారు, సీసాలు కుడిచేత్తో తగిలిస్తున్నారు. నువ్వొక్కదానివే ఎడం చెయ్యెత్తి జెండా ఎగరేసినట్టు తగిలించావు."

పక్క కుర్చీల్లో నవ్వులు. పొడుగు సిస్టర్ గిరుక్కున తిరిగింది. "అక్కా! నువ్వు సాయంత్రం వేయించుకోలేదూ?"

"అందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడిందట," అన్నాడు బాబాయ్ హాయిగా. "అది అంత మంచిదైతే నువ్వెందుకు వేయించుకోవు? చెప్పు, నేనూ వేయించుకుంటా."

నాకు నొప్పి రాదులే అని బుకాయిస్తే సరిపోయేది. ఆమె ట్రే కింద పెట్టింది.

"భయం బాబాయ్."

"జ్వరమొస్తుందనా?"

"సూదంటే."

బాబాయ్ ఒక క్షణం తెల్లబోయాడు. తర్వాత ఎంత నవ్వాడంటే చెయ్యి కదిలి మిషను కీకీమంది. పొడుగు సిస్టర్ వచ్చి దాని నోరు మూయించింది.

"కూర్చో మరి. ముందు నీకు, తర్వాత నాకు."

చీమ సిస్టర్ స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. పొడుగు సిస్టర్ ఆమె భుజం తుడిచి, "చీమ కుట్టినట్టు..." అని మొదలెట్టింది.

"నోర్ముయ్యవే!"

బాబాయ్ కుడి చెయ్యి చాపాడు. ఆమె గట్టిగా పట్టుకుంది.

"నెమ్మదమ్మా, కత్తెర పట్టే చెయ్యి అది."

ఆ వెంటనే ఆయనకూ పడింది. వేసింది చీమ సిస్టరే, కళ్ళు తుడుచుకుని.

తర్వాతి డయాలిసిస్‌కు బాబాయ్ వచ్చేసరికి ఆమె మునివేళ్ళ మీద లేచి, కుడిచేత్తో, వంకరగా వంగి సీసా తగిలిస్తోంది.

"చీమేనా సిస్టరమ్మా?"

"గండుచీమ," అంది.

ఆ చలికాలం టైలర్ బాబాయ్ పై అంతస్తు మెట్లెక్కలేదు. ఒక్కసారి మాత్రం దగ్గాడు. గదిలో ఉన్న నర్సులందరూ చేస్తున్న పని ఆపి చూశారు.

"ఏం లేదర్రా," అన్నాడు. "ఆవిడ చల్లటి టీ నాకూ పోసింది."