గుండీ గుర్రుమనడం మానేసింది

మా మామయ్యను వీధిలో అందరూ ‘రేపు మాస్టారు’ అంటారు. చొక్కా ఎప్పుడిస్తారని ఎవరడిగినా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే. అలాగని బద్ధకస్తులు కాదు. కుట్టిన చొక్కాను కొక్కేనికి తగిలించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసి, భుజం దగ్గర దారపు పోగంత తేడా కనబడినా మొత్తం విప్పేసే మనిషి. “వాడు అదే వేసుకుని తిరుగుతాడమ్మాయ్. నా తప్పు వీధులు పట్టుకుని తిరిగినట్టే కదా,” అంటారు.

ఇంటి ముందు గదే దుకాణం. ఒక పక్క కత్తిరించే బల్ల, కిటికీ కింద కాలితో తొక్కే కుట్టుమిషను, మూలన ఇస్త్రీ పెట్టె. మిషను వెనక, గోడవారగా, గుడ్డపేలికల కుప్ప మీద గుండీ పడుకుంటుంది. గుండీ అంటే మా కుక్క. పిల్లగా ఉన్నప్పుడు వానకు తడుస్తూ మెట్టెక్కి వచ్చి, బల్ల మీంచి జారిపడిన కోటు గుండీ ఒకటి మింగేసిందట. ఆ గుండీ బయటపడేదాకా మామయ్య దాని వెనకాలే తిరిగారట. దొరికిన గుండీని మాత్రం ఆ కోటుకు కుట్టలేదని ఆయన ఇప్పటికీ ప్రమాణం చేస్తారు. “ఆ కోటాయన ఎదురైతే నా చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోతుంది, ఏం చెయ్యను?” అంటారు అత్తయ్య.

అత్తయ్య, మామయ్య, మా ఆయన, నేను వెనక గదుల్లో ఉంటాం. పాప పుట్టాక నేను నిద్రలో కూడా దాని ఊపిరి లెక్కపెట్టుకునేదాన్ని. పాకడం మొదలుపెట్టాక నా కంగారు రెట్టింపయింది. పాపకు ఇంట్లో అన్నిటికన్నా ముద్దొచ్చినవి రెండు: కుట్టుమిషను పెడలు, దాని వెనక ఉన్న తోక.

ఒకరోజు పాప పాకుతూ మిషను దగ్గరికి వెళ్ళింది. పేలికల కుప్పలోంచి లోగొంతుకతో ‘గుర్ర్’ మని వినబడింది. పాపను ఎత్తుకుని లోపలికి పరుగెత్తాను.

“మామయ్యా, పాపను చూసి గుర్రుమంది!”

“దాని మొహం. ఇన్నేళ్ళొచ్చి ఇప్పుడు గుర్రుమనడమేంటి? నే చూసుకుంటాగా, నువ్వు కంగారుపడకు.”

ఆయన చూసుకున్నారు. గుడ్డ కొలిచే పొడవాటి చెక్క స్కేలు ఎప్పుడూ బల్ల మీద చేతికి అందేలా ఉంటుంది. గుండీ గొంతులో చప్పుడు మొదలవగానే ఆ స్కేలుతో బల్ల మీద ఠపీమని కొట్టేవారు. అప్పటికీ ఆగకపోతే వంగి దాని వీపు మీద ఒకటి వేసేవారు. “గట్టిగా కాదు” అని ఆ తర్వాత ఎన్నోసార్లు అన్నారు, ఎవరూ అడగకపోయినా.

ఆయనకు తెలిసిన పద్ధతి అదొక్కటే. మిషను కీచుమంటే చుక్క నూనె వేస్తారు, చప్పుడు ఆగిపోతుంది, పని సాగుతుంది. కుక్క గుర్రు కూడా అలాంటి చప్పుడే అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

చప్పుడు నిజంగానే ఆగిపోయింది. వచ్చిన వాళ్ళకల్లా చూపించడం మొదలుపెట్టారు. పాపను ఎత్తుకొచ్చి గుండీ ముందు దించి, “చూడండి, నోరెత్తదు,” అనేవారు. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన బస్సు డ్రైవరు, “మాస్టారూ, మా ఆవిడను కూడా ఒక వారం మీ దగ్గర దింపనా?” అన్నాడు. లోపలినుంచి అత్తయ్య, “మీ ఆవిడ వచ్చి నిన్నే దింపుతుంది, నీ ప్యాంటుతో సహా,” అన్నారు. అందరం నవ్వాం. గుండీ అప్పుడు మొహం గోడవైపు తిప్పుకుని పెదాలు నాక్కుంటూ ఉంది. కళ్ళ చివర తెల్లగుడ్డు కనబడుతోంది. బుద్ధిగా ఉందనుకున్నాం.

ఒక మధ్యాహ్నం పాపను దుకాణంలో మామయ్యకు అప్పగించి నేను పాలసీసాలు మరగబెడుతున్నాను. ఆయన సూదిలోకి దారం ఎక్కిస్తున్నారు. ఆ క్షణంలో పాప మిషను పక్కనుంచి దూరి, లేచి నిలబడాలని గుండీ వెనక కాలు మీద రెండు చేతులూ ఆనించి బరువంతా వేసింది. గుండీ ఏ చప్పుడూ చెయ్యలేదు. నాకు వినబడింది పాప ఏడుపే.

ముంజేతి మీద రెండు పళ్ళ గాట్లు, వాటిలోంచి నెత్తురు. కుళాయి కింద సబ్బుతో కడుగుతూనే ఉన్నాను, అత్తయ్య లాగితేగానీ ఆపలేదు. ఆసుపత్రిలో గాయం లోతుగా లేదన్నారు, టీకా వేశారు. మామయ్య మాతో రాలేదు. తిరిగి వచ్చేసరికి దారం ఎక్కని సూదిని ఇంకా వేళ్ళ మధ్యే పట్టుకుని కూర్చునున్నారు.

“అది చెప్పనైనా చెప్పలేదమ్మాయ్. చెప్పుంటే లేచేవాణ్ణి.”

మా ఆయన కర్మాగారంలో ఫిట్టరు. డ్యూటీ నుంచి అదే బట్టలతో వచ్చి పాప చెయ్యి చూశారు.

“నాన్నా, ఇక చాలు. గోడౌను కాపలాదారు ఒకాయన కుక్క కావాలంటున్నాడు. ఇచ్చేద్దాం.”

“గొలుసేసి కట్టేస్తాడేమోరా.”

“కట్టేస్తే కట్టేస్తాడు. చెయ్యి చూశావా నువ్వు?”

మామయ్య చూడలేదు. ఆ రోజు నుంచి పాపను ఎత్తుకోలేదు కూడా. పాప చేతులు చాపితే, “నా దగ్గరికొద్దులే, బంగారం,” అని కత్తెర అందుకునేవారు.

అత్తయ్యే పట్టుబట్టారు. “ఇచ్చేయాలంటే ఇచ్చేయండి. ముందు దాన్ని డాక్టరుకు చూపించండి. ఇన్నేళ్ళలో ఎవర్నీ కరవనిది ఇప్పుడెందుకు కరిచిందో తెలియొద్దూ?”

పశువుల డాక్టరమ్మ దగ్గరికి మామయ్యతో నేనూ వెళ్ళాను. ఆవిడ గుండీ వెనక కాలిని మెల్లగా వంచింది. గుండీ ఒళ్ళంతా కర్రలా బిగుసుకుంది. మూగగా గోడవైపు చూసింది.

“తుంటి కీలు అరిగిపోయిందండీ. ఇక్కడ చెయ్యేస్తేనే ప్రాణం పోయేంత నొప్పి. ఏ కుక్కైనా ఈపాటికి గుర్రుమనాలి. ఇదేంటి, ఇలా ఊరుకుంది?”

మామయ్య నేలచూపులు చూశారు. “నేనే మాన్పించానమ్మా.”

“ఎలా?”

 ఆయన చెప్పాల్సిన పని లేకపోయింది. డాక్టరమ్మ చీటీ రాయడానికి బల్ల మీదున్న అట్ట తీసింది. అది గాలిలోకి లేవగానే గుండీ చెవులు వెనక్కి అణచుకుని నేలకు అతుక్కుపోయింది. ఆవిడ అట్టను నెమ్మదిగా కింద పెట్టేసింది.

“చూడండి పెద్దాయనా, గుర్రుమనడం పొగరు కాదు. ‘నాకు బాగోలేదు, కాస్త దూరం జరుగు’ అని చెప్పడం. నోటితో చెప్పేది అదొక్కటే దానికి. అది చెబితే దెబ్బ పడుతుందని నేర్చుకుంది. చెప్పడం మానేసింది. నొప్పి మాత్రం అలాగే ఉంది. ఇక దాని దగ్గర మిగిలినవి పళ్ళే.”

ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని మామయ్య తర్వాత అన్నారు. నొప్పికి మందులిచ్చింది. కొట్టడం, అదిలించడం పూర్తిగా మానాలంది. పాప ఎదురుగా కనబడినప్పుడల్లా గుండీకి ఇష్టమైనది పెట్టమంది, అయితే అది హాయిగా ఉండగలిగినంత దూరంలోనే. ఇద్దరినీ ఒంటరిగా మాత్రం ఎప్పుడూ వదలొద్దంది.

తిరిగొచ్చేటప్పుడు మామయ్య గుండీని నడవనివ్వలేదు. రెండు చేతుల్లో ఎత్తుకుని, రొప్పుతూ నడిచారు. దారిలో ఒక అరుగు మీద ఆగి అడిగారు.

“కుట్టు తప్పయితే విప్పి మళ్ళీ కుట్టొచ్చు. కత్తెర తప్పయిందనుకో, ఆ గుడ్డ ఇక అంతే. ఇది ఏ తప్పమ్మాయ్?”

“నాకు తెలీదు మామయ్యా,” అన్నాను. నిజంగానే తెలీదు.

మా ఆయనను ఒక్కటే అడిగారు. “దాని కాలు నొప్పి తగ్గి, నాలుగు మాటలు నేర్చుకునేదాకా ఆగు. అప్పటికీ నీకు నమ్మకం కుదరకపోతే నేనే తీసుకెళ్ళి గోడౌనులో దింపొస్తాను. నువ్వు రానక్కర్లేదు.” మా ఆయన దుకాణానికీ వెనక గదికీ మధ్య చెక్క గేటు ఒకటి బిగించారు. పాప ఎప్పుడూ ఇవతలే.

మామయ్య గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కల డబ్బా ఖాళీ చేశారు. దాన్నిండా ఉడికించిన కోడిమాంసం, గోరంత ముక్కలుగా. నేను పాపను ఎత్తుకుని గేటుకు దూరంగా, వంటగది గుమ్మంలో నిలబడేదాన్ని. గుండీ మమ్మల్ని చూడగానే ఒక ముక్క. మేం కనుమరుగైతే డబ్బా మూత పడేది. ఉద్యోగంలా చేశారాయన ఆ పని. అత్తయ్య ఊరుకుంటారా?

“ఇన్నేళ్ళ కాపురంలో నా నోట్లో ఇలా ఒక్క ముక్క పెట్టిన పాపాన పోలేదు.”

“నువ్వు గుర్రుమనడం ఏనాడైనా మానావా? నీకు మళ్ళీ నేర్పాల్సిన అవసరం నాకు రాలేదే.”

ఆ జవాబు చెబుతూ కూడా ఆయన నవ్వలేదు.

మిగిలిన పేలికలతో మందంగా ఒక బొంత కుట్టి, గది మూలన గేటుకు దూరంగా పరిచారు. “చోటు” అని పిలిచి, గుండీ దాని మీదికి నడిచి వెళితే ముక్క. తొందరలోనే పాపను చూడగానే అది మామయ్య మొహంలోకి చూడడం మొదలుపెట్టింది. డబ్బా ఏదని అడుగుతున్నట్టు. ఆ ఉత్సాహంలో ఒకరోజు నన్ను గేటు దాకా రమ్మన్నారు. గుండీ బిగుసుకుపోయింది. ముక్క మూతి దగ్గర పెట్టినా ముట్టలేదు. ఆయన డబ్బా మూసేశారు. “వెనక్కెళ్ళు, వెనక్కెళ్ళమ్మాయ్. నాదే తొందర,” అన్నారు. మర్నాడు మళ్ళీ వంటగది గుమ్మం నుంచే మొదలు.

అన్నిటికన్నా కష్టమైంది స్కేలుతో. అది ఆయన పనిముట్టు. గుడ్డ కొలవాలని దాన్ని ఎత్తిన ప్రతిసారీ, మూలన గుండీ తల కిందికి పోయేది. ఆయన కొన్నాళ్ళు టేపుతోనే నెట్టుకొచ్చారు. తర్వాత స్కేలును నేల మీద పెట్టి దాని మీద ముక్కలు పెట్టారు. గుండీ మెడ సాచి, ఒళ్ళు దూరంగా ఉంచి, ముక్క లాక్కుని పారిపోయింది. “నా చేతిలో ఉన్నది నాకు అన్నం పెట్టేదే. దానికి అదే యముడు,” అన్నారు మామయ్య, నాతో కాదు, స్కేలుతో అన్నట్టు.

నెలలు గడిచాయి. మందులతో గుండీ మెట్లు దిగగలుగుతోంది. కానీ గొంతులోంచి ఒక్క చప్పుడూ లేదు. మా ఆయనకు భయం అదే. “మూగ కుక్క, నాన్నా. ఎప్పుడేం చేస్తుందో ఎలా తెలుస్తుంది?”  కాపలాదారు మళ్ళీ కబురు పంపాడు. వచ్చే సెలవురోజు మాట తేల్చేద్దామన్నారు మా ఆయన.

ఆ సెలవురోజు పొద్దున్నే పెళ్ళి బట్టల వాళ్ళెవరో వచ్చి, వెనక గదిలో కొలతలు చూసుకుని వెళ్తూ గేటు సరిగ్గా వెయ్యలేదు. నేను వెనక గదిలో పాప బట్టలు మడతపెడుతున్నాను, పాప నా పక్కనే ఉందనుకుంటూ. మా ఆయన కాపలాదారు దగ్గరికి వెళ్ళడానికి గుమ్మంలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నారు. మామయ్య మిషను తొక్కుతున్నారు.

మిషను చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. ఆగాక వినబడింది. బొంగురుగా, సగం మింగేసినట్టు, చిన్న ‘గుర్ర్’.

నేను పరుగెత్తేసరికి పాప బొంత అంచు దాకా వెళ్ళి ఉంది. గుండీ గుర్రుమన్న మరుక్షణమే నేలకు అణిగిపోయి కళ్ళు మూసుకుంది. స్కేలు కోసం ఎదురుచూస్తోంది. మామయ్య ఒక్క ఉదుటున లేచి, పాపను నడుం పట్టుకుని ఎత్తి గుండెకు హత్తుకున్నారు. గుండీ కరిచిన రోజు తర్వాత పాపను ఎత్తుకోవడం అదే మొదలు. పాపతో సహా దూరంగా జరిగి, ఒంటి చేత్తో డబ్బా మూత తీసి, ముక్కలు గుప్పెడు బొంత వైపు విసిరారు.

“చెప్పావా తల్లీ? చెప్పావా? విన్నాను. విన్నాన్రా గుండీ.”

మా ఆయన గుమ్మంలోంచి వచ్చేశారు. “మళ్ళీ గుర్రుమంది కదూ? దీన్ని నమ్మలేమని నే చెప్పలేదూ?”

“గుర్రుమందిరా,” అన్నారు మామయ్య. కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి, చేతుల్లో పాప ఉండడంతో తుడుచుకోలేకపోయారు. “కరవలేదు. చెప్పింది. ఇన్నాళ్ళూ నేను నోరు కుట్టేస్తే ఇప్పుడు చెప్పింది. చెప్పినందుకు కూడా పంపేస్తావా దాన్ని?”

 గుండీ ఒక కన్ను తెరిచింది. దెబ్బ పడలేదని నమ్మకం కుదిరాక లేచి, ముక్కలు ఒక్కొక్కటే ఏరుకుని తిని, కుంటుతూ బొంత ఆ చివరకు వెళ్ళి పడుకుంది.  మా ఆయన చెప్పులు విప్పేసి, లోపలికి వెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చుకుని గేటు దగ్గర కూర్చున్నారు. సాయంత్రానికి ఆ గేటుకు దానంతటదే పడే గడియ వచ్చింది. గోడౌను మాట మళ్ళీ రాలేదు.

పాప ఇప్పుడు నడుస్తోంది. గుండీ గుర్రుమంటే ఆగి, తాతయ్య వైపు చూసి, వేలు పెదాల మీద పెట్టుకుని వెనక్కి వచ్చేస్తుంది. ముంజేతి మీద మచ్చలు రెండూ వెలిసిపోయాయి. మామయ్య మాత్రం పాపకు గౌను కొలతలు తీసేటప్పుడు ఆ చేతి దగ్గర టేపు కాసేపు ఆపుతారు.

గుండీ ఇప్పుడు స్కేలు మీద మూతి పెట్టి కూడా ముక్కలు తింటుంది. ఆయన ఆ స్కేలును ఒక్కసారిగా ఎత్తితే మాత్రం ఇంకా కళ్ళు చికిలిస్తుంది. అందుకే పొడవు గుడ్డ కొలవాల్సి వస్తే మామయ్య బల్లకు ఇటువైపు వచ్చి, స్కేలు దానికి కనబడకుండా గుండీకి వీపు పెట్టి నిలబడతారు. వెలుతురు ఆయన వెనకనుంచి వచ్చి, చెయ్యి నీడ గుడ్డ మీద పడుతుంది. గీత సరిగ్గా కనబడదు. ఎవరైనా బట్టల కోసం వస్తే, రేపు రమ్మంటారు.