ఆ ఆదివారం పైకెత్తిన జీపు

మొన్న పంజగుట్ట సిగ్నల్ దగ్గర నేనెక్కిన ఆటో పక్కన, షోరూమ్‌లోనే ఎత్తు పెంచి ఇచ్చిన కొత్త జీపు ఒకటి ఆగితే, చూడకూడదనుకుంటూనే వంగి దాని అడుగుకేసి చూశాను. ముందు ఇరుసుకు పోయే బ్రేకు పైపు లాగిపట్టినట్టు కాక వదులుగా వేలాడుతోందని తేలాక గాని నాకు ఊపిరి ఆడలేదు. ఈ అలవాటు వయసు ఇరవై ఏళ్లు దాటింది.

అమీర్‌పేటలో ఏ మేడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే కనిపించిన రోజులు మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటాయి. మా బావమరిది అక్కడే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతూ, అందరిలా ప్లాటు కొనకుండా ఒక పాత జీపు కొన్నాడు. సెలవొస్తే గుట్టలెక్కడం అతని సరదా. రాళ్లు అడుగున తగులుతున్నాయని బండిని నాలుగంగుళాలు పైకి లేపాలనుకున్నాడు. నేనేమో సభల్లో మూఢనమ్మకాల మీద నిప్పులు చెరుగుతూ తిరిగేవాణ్ణి. మన చేతులతో, ఏది ఎందుకో తెలుసుకుని చేసే పని కదా అని నేనూ చొక్కా చేతులు పైకి మడిచాను. సనత్‌నగర్ వర్క్‌షాపులో పనిచేస్తూ మా సందులోనే ఉండే భాయ్ సాయం వచ్చాడు. పొద్దుటినుంచి బండిని ఇంటి ముందు జాకీల మీద నిలిపి, తుప్పు పట్టిన బోల్టుల మీద కిరసనాయిలు పోసి, ఇరుసు మీద బండిని మోసే పాత కమాన్ కట్టలు, అంటే స్ప్రింగు పట్టీలు, విప్పి కొత్తవి బిగించేసరికి సాయంత్రం నాలుగున్నరయింది.

ఆదివారం నాలుగున్నర అంటే రాహుకాలం. ఆరు దాటేదాకా బండి కదపొద్దని అత్తగారు గడపలోంచి అన్నారు. నేను ఊరుకుంటానా, రాహువు ఏ దూరదర్శినికి కనిపించాడో చెప్పమని అక్కడే ఉపన్యాసం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే బండి కిందినుంచి భాయ్ తల బయటపెట్టాడు.

"బండి లేచింది గని సార్, బ్రేకు పైపు పెరగలే. గుంజుకొని ఉన్నది. రేపు దుకాణాలు తెరిచినంక పొడుగుది ఏద్దాం, ఇయ్యాల జర ఆగుండ్రి."

అది చేత్తో తాకి చూస్తే తేలిపోయే మాట. కాని ఆ పూట ఆగమన్న ప్రతి మాటా నాకు రాహుకాలం మాటలాగే వినిపించింది. ఇప్పుడే తీద్దాం, నేనూ వస్తానని జీపెక్కి కూర్చున్నాను. నా మీద నమ్మకంతో బావమరిది తాళం తిప్పాడు.

పంజగుట్ట వాలులో స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరి, ముందు ఇరుసు కిందికి జారి, పైపు తెగింది. బ్రేకు పడలేదు. జనం మీదికి పోనివ్వకుండా అతను బండిని డివైడర్‌కు గుద్దాడు. నా ఒంటిమీద గీత కూడా పడలేదు. అతని మోకాలిచిప్ప నుజ్జయింది.

ఆసుపత్రి వరండాలో చుట్టాలందరిదీ ఒకటే మాట, వేళ మంచిది కాదని. అందులో నిష్ఠూరం లేదు, నా మీద జాలే ఉంది. తల ఊపితే చాలు, ఆ తప్పులోంచి నేను బయటపడిపోతాను. అన్నేళ్లు నేను తిట్టిపోసిన నమ్మకం అంత మెత్తగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. అయినా అత్తగారి ముందుకెళ్లి, పైపు చాలదని భాయ్ చెప్పాడు, వినని తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆవిడ నాకేసి తిరిగి అన్నారు.

"రాహుకాలమనే అనుకోనిస్తే పోయేది కదా బాబూ. ఇప్పుడిక మిమ్మల్ని ఏమనుకోవాలి?"

ఇప్పుడా సందులో బండి విప్పుకునే జాగా లేదు, విప్పి చూడాలన్న కోరికా ఎవరిలోనూ కనిపించదు. నన్ను సభలకు పిలిచేవాళ్లు తగ్గారు, పిలిచినా వెళ్లే ఓపిక నాకూ తగ్గింది. బావమరిది జీపు అమ్మేశాక మళ్లీ గుట్టలెక్కలేదు. ఇప్పటికీ నవ్వుతూనే బావా అని పిలుస్తాడు. మెట్ల దగ్గర మాత్రం నన్ను ముందు వెళ్లమంటాడు, తను ఎక్కడం నా కంట పడకుండా.