ఫిట్టరు ఇంటి రేడియో

కోల్డ్ స్టోరేజీలో పనిచేసే ఆవిడకు ఇంట్లో ఒక మారుపేరుంది, రేడియో అని. పెట్టింది మొగుడు ఫిట్టరే. బాయిలర్ల షెడ్డులో సుత్తి దెబ్బలు ఏళ్ల తరబడి విని విని ఆయన చెవులు బొత్తిగా పోయాయి. అప్పట్నుంచి లోకం గొడవంతా పెళ్లాం పెదాల మీదే చూస్తున్నాడు. బయటివాళ్లు ఎంత మాట్లాడినా ఒక్క ముక్క అందదు. ఆవిడ పెదాలు కదిలితే మాత్రం పక్కింటి తగాదాతో సహా అన్నీ తెలిసిపోతాయి. చెవులు బాగున్న రోజుల్లో నా మాట ఎప్పుడైనా విన్నారా అని ఆవిడ దెప్పేది. ఆయన పకపకా నవ్వేవాడు.

ఆ పెదాలకు ఇప్పుడు చలి పట్టుకుంది. పొద్దస్తమానం చలిగదిలోకి పెట్టెలు మోయడం, బయటికి రావడం, మళ్లీ లోపలికి పోవడం. పెదాలు బీటలు వారాయి. ఎండినప్పుడల్లా నాలుకతో తడుపుకునేది, తడిపినకొద్దీ ఇంకా ఎండేవి. లేచిన తోలు పంటితో పీకితే రక్తం. మిగతా చర్మంలా పెదాలకు నూనె ఊరదనీ, నాలుకతో తడపొద్దనీ, తోలు పీకొద్దనీ, చలిగదిలో అడుగుపెట్టకముందే వాజలైను పట్టించాలనీ ఆసుపత్రిలో నర్సు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. ఆవిడ బుద్ధిగా తలూపి, పెట్టె ఎత్తగానే మళ్లీ నాకింది. నడుం విరిగేలా మోసే మనిషికి పెదాల సేవ ఎక్కడ గుర్తుంటుంది!

ఇల్లు చేరేసరికి నోరు విప్పాలంటేనే ప్రాణం మీదికొచ్చేది. పెదవీ పెదవీ తాకితే మంట. అందుకని సగం తెరిచీ తెరవకా గొణిగేది. ఫిట్టరు కాసేపు చూసి, అర్థమైందిలే అని లేచి వెళ్లేవాడు. ఎంత మంచి మనిషి, సగం మాటకే అందుకుంటాడని ఆవిడ ఊపిరి పీల్చుకునేది.

ఆ సాయంత్రం పని దిగి వస్తుంటే ఫోన్ వచ్చింది. ఫిట్టరును చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన అక్క పోయిందని మేనల్లుడు చెప్పాడు. ఆవిడ దారంతా ఏడ్చింది. చలికి ఆవిడ కళ్లు రోజూ ఎర్రగానే ఉంటాయి గనక ఆయనకు కొత్తగా ఏమీ కనబడలేదు. అలవాటు కొద్దీ పెదాలు కదిలీ కదలకుండా కబురు చెప్పేసింది.

ఫిట్టరు చిరునవ్వు నవ్వాడు.

"అర్థమైందిలే. ముందు కాళ్లు చాపుకుని కూర్చో, నీళ్లు కాస్తాను."

ఆవిడ కొయ్యబారిపోయింది. ఇవాళొక్కటే కాదు, ఇన్నాళ్లూ ఆయనకు ఏదీ అర్థం కాలేదన్నమాట. ఆవిడ పెదాలకు నొప్పి తప్పించడానికి లోకాన్నే వదులుకుని ఇంట్లో ఒంటరిగా కూర్చున్నాడు. మండిపడాలనిపించింది. అందుకు ఓపిక లేదు.

వాజలైను డబ్బీ తీసి దట్టంగా పట్టించుకుంది. బిరుసు తోలు కాస్త మెత్తబడేదాకా ఆగింది. దీపం కిందకు స్టూలు లాగి ఆయన్ని కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది.

"వద్దు, రక్తం వస్తుంది" అన్నాడు.

"రానివ్వండి. చూడండి."

ఈసారి నోరారా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. కింది పెదవి నడిమికి చిట్లింది. తుడవడానికి తువ్వాలు అంచు ఎత్తిన ఆయన చెయ్యి సగంలో ఆగిపోయింది.

"అక్కా?" అన్నాడు.

ఆవిడ తలూపింది.

ఫిట్టరు తువ్వాలులో ముఖం దాచుకున్నాడు. ఇక ఆవిడ ఏం చెప్పినా ఆయనకు అందదు. తువ్వాలు దించేదాకా అలాగే ఎదురుగా నిలబడింది.