ఫిరంగికి పోని కాలు

మా తాత సైన్యంలో పనిచేశాడు. ఆయన కొడుకు, అంటే మా మేనమామ కూడా సుబేదారుగా చేసి పెదబయలులో స్థిరపడ్డాడు. తాతకు ఒక కాలు ఉండేది కాదు. అది యుద్ధంలో ఫిరంగి గుండుకు పోయిందని ఏటా ఆయన జ్ఞాపకార్థ ప్రార్థన కూటంలో మామయ్య సాక్ష్యం చెప్పేవాడు. ఒక ఏడు ఒక ఫిరంగి, మరో ఏడు మూడు. నేనూ కూర్చుని వింటూ నాలుగోది అందించేవాణ్ణి.

మామయ్యకు సుగరు. ఒకసారి సంతంతా తిరిగొచ్చి బూటు విప్పితే అందులోంచి పనస గింజ రాలింది. పొద్దుటి నుంచీ దాని మీదే నడిచాడట! ఇంకో రెండు రోజులు ఆగితే మొలకెత్తేదే.

"మిలట్రీ పాదం! దీనికి నొప్పి తెలీదు," అని మీసం దువ్వాడు. బొటనవేలు మాత్రం నల్లబడింది. అత్తయ్య పోరు పడలేక, అరకులో మాజీ సైనికులకు వైద్య శిబిరం పెడితే ముగ్గురం వెళ్లాం.

డాక్టరమ్మ చిన్న పిల్ల. మామయ్యను కళ్లు మూసుకోమని, సన్నటి నైలాను దారం బిగించిన పుల్ల అరికాలికి తాకిస్తూ, స్పర్శ తెలిసినప్పుడల్లా చెప్పమంది.

"ఎస్ సర్!" అన్నాడు మామయ్య. "ఎస్ సర్! ఎస్ సర్!"

ఆమె పుల్ల బల్ల మీద పెట్టేసి నీళ్లు తాగుతోంది. ఈయన ఇంకా ఎస్ సర్ అంటూనే ఉన్నాడు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా సుగరు వల్ల కాలు గాని, కిడ్నీ గాని పాడైందా?" అని అడిగిందామె.

"లేదమ్మా. మా నాన్న కాలు మాత్రం ఫిరంగికి..."

"ఓలమ్మో, ఏటీ కోతలు!" అత్తయ్య లేచింది. "ఫిరంగీ నేదు, గిరంగీ నేదు డాక్టరమ్మా. మా మావకి సుగరు పుండు మానక కాలు తీసీసినారు. కట్లు మార్సింది నానే."

"అందరి ముందూ మా నాన్న పరువు తీస్తన్నావేటే?"

"పరువు కట్టుకుని నడుత్తావా? కాలు కావాలా, ఫిరంగి కావాలా? బేగి సెప్పు!"

మామయ్య నా వైపు చూశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి నా దగ్గర ఒక్క ఫిరంగీ లేదు.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది: "సుగరు అందరిదీ ఒకటే అయినా, కొన్ని కుటుంబాల్లో నరాలు, కొన్ని కుటుంబాల్లో కిడ్నీలు ముందు దెబ్బతింటాయి. అందులో రక్తంతో వచ్చే వాటా కొంత ఉంటుంది. మీ నాన్నగారికీ అలాగే అయిందంటే నేను ఒక్క రోజు కూడా ఆగను. ఇవాళే విశాఖ వెళ్లాలి. ఆలస్యమైతే కాలే పోవచ్చు."

మామయ్య నల్లబడ్డ బొటనవేలు చూసుకున్నాడు. "సుగరేనమ్మా," అన్నాడు, లొంగిపోయిన సైనికుడిలా. "రాసుకోండి."

విశాఖలో వేలు పోయింది, కాలు మిగిలింది.

తిరిగొచ్చిన మర్నాడే తాత రక్తం ఉన్నవాళ్లందరికీ వరసకట్టమని మామయ్య నుంచి ఫాలిన్ ఆర్డరు వచ్చింది. కాఫీ గింజలు ఆరబోసే కళ్లంలో మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, కాళ్లు చాపించాడు. ఎక్కడ పుండుందో, ఎక్కడ పగులుందో అని చేత్తో భూతద్దం పట్టుకుని ఒక్కొక్క అరికాలూ తనిఖీ చేస్తున్నాడు. అల్లుళ్లు కూడా వచ్చి కూర్చుంటే, "మీది మా రక్తం కాదు, డిస్మిస్!" అని తరిమేశాడు.

సంతకు పోతున్న ముసలమ్మ ఒకతె గంప దించి, ఎండలో వరసగా ఉన్న మా కాళ్లకేసి వింతగా చూసింది.

"ఏటి బాబూ, ఈయేడు ఏటి ఎండబెడతన్నారు?"

"మా నాన్న ఆస్తి," అన్నాడు మామయ్య, నా మడమ వదలకుండానే.