కె అంటే కెపాసిటీ

బస్టాండు వెనక వీధిలో బండ్లకు దీపాలు బిగించే పెద్దమనిషికి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది. దాన్ని పలికేవాళ్లు ఇప్పుడెవరూ మిగల్లేదు. వీధి వీధంతా ఆయన్ని కెపాసిటీ అంటుంది. ఈ బిరుదు ఆయనకు ఏ సభలోనూ శాలువా కప్పి ఇచ్చింది కాదు. స్వయంగా సంపాదించుకున్నాడు, అదీ ఒక్క అక్షరం పెట్టుబడితో.

కొత్తరకం దీపాలు అట్టపెట్టెల్లో రావడం మొదలైన రోజులవి. పెట్టె మీద నాలుగువేల మూడొందలనో ఆరువేలనో ఒక అంకె, దాని పక్కన ఇంగ్లీషు కె. ఆ కె ఏమిటని ఒక లారీ డ్రైవరు అడిగాడు. తెలియదనే మాట కెపాసిటీ ఇంటావంటా లేదు. కాసేపు గాల్లోకి చూసి, "కె అంటే కెపాసిటీ" అన్నాడు. ఇంగ్లీషులో ఆ మాట సి తో మొదలవుతుందని చెప్పగలిగినవాడు ఆ సమయానికి షెడ్డులో లేడు. తెలుగులో కె తోనే మొదలవుతుంది గనక లారీ డ్రైవరు మనసు కుదుటపడింది. ఆ మాట నాలుగు నోళ్లలో నాని, వీధి తిరిగి, మళ్లీ చెప్పినాయన చెవినే పడింది. ఇంతమంది అంటున్నారంటే నిజమే అయ్యుంటుందని ఆయన కూడా నమ్మేశాడు.

చేతిపనికి మాత్రం వంక పెట్టలేం. ఆయన బిగించిన దీపంలోకి చుక్క నీరు పోదు, ఆయన చుట్టిన వైరు కాలదు. పాఠం చెప్పినా పసిపిల్లలకు సైతం అర్థమయ్యేటట్టు చెబుతాడు.

"హెచ్‌ఐడి పెద్దాఫీసరు లాంటిదయ్యా. లోపల తీగ ఉండదు, గ్యాసు ఉంటుంది. బలాస్టని ఇదిగో ఈ డబ్బా గట్టిగా ఒక్కటిస్తేగానీ లేవదు. లేచాక కూడా ఒళ్లు విరుచుకోడానికి కాస్త టైము తీసుకుంటుంది. ఒళ్లు విరుచుకుందా, ఇక రోడ్డంతా దానిదే. ఎల్‌ఈడి గుమస్తా. పిలవగానే పలుకుతుంది, తినేది కొంచెం. మొహం చల్లగానే ఉంటుంది గానీ వీపు కాలిపోతుంటుంది. అందుకే వెనక ఈ రెక్కలూ, ఈ ఫ్యానూ."

ఇంతవరకూ అక్షరాలా నిజం. ఆ తర్వాత పెట్టెను అటు తిప్పి, వేలితో అంకె చూపించి, గొంతు తగ్గించేవాడు. "ఆరువేల కెపాసిటీ. ఇంకా కావాలంటే ఎనిమిదివేలూ ఉంది. తట్టుకోగలవా మరి?" తట్టుకోలేనని ఏ మగాడంటాడు.

షెడ్డులో ఈ మతప్రచారం ఇలా సాగుతుంటే ఇంట్లో సాగకుండా ఉంటుందా. నడవలో, వంటింట్లో, స్నానాల గదిలో ఆరువేల అయిదొందలకు తగ్గిన బల్బు లేదు. ఆ వెలుగులో కూర్చున్న చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకొని, "ఒంట్లో బాగుండటం లేదా?" అని పరామర్శించుకునేవారు. వంటింట్లో పాలగిన్నె కూడా నీలంగా కనబడేది. అన్నిటికన్నా ఘనమైన కానుక మాత్రం భార్యకు దక్కింది. ఆమె దర్జీ. ఇంటి వెనక భాగంలో కిటికీ లేని గదిలో ఆమె కుట్టు మిషను. దానికి సరిగ్గా పైన, ఒక ఖరీదైన కారుకు బిగించగా మిగిలిన ఎల్‌ఈడి పట్టీని ఆయన ప్రేమగా అతికించాడు. పదివేల కె. భార్య మీద ఇంత కెపాసిటీ ఖర్చుపెట్టిన మొగుడు ఆ చుట్టుపక్కల లేడని ఆయన నమ్మకం.

ఆ వర్షాకాలంలో ఆమె చేతికి పెద్ద పని వచ్చింది. బ్యాండు మేళం వాళ్లకు మెరూన్ కోట్లు. అదే బల్ల మీద, ఒక హోటలు సర్వర్ల కోసం కాఫీ రంగు కోట్ల గుడ్డ కూడా ఉంది. ఆమె వేగంగా కత్తిరిస్తుంది, అంతకన్నా వేగంగా కుడుతుంది. మొదటి విడత కోట్లు తీసుకెళ్లిన బ్యాండు మాస్టారు రెండోరోజు కోట్ల మూటతో, గొడుగు మడవకుండానే లోపలికొచ్చాడు.

"ఏంటమ్మా ఇది? కోటు మెరూనూ, కాలరు కాఫీ రంగూనా? మేం వాయించేది బ్యాండు తల్లీ. కాఫీలు పోసేది కాదు."

ఆమె కోటు అందుకొని పట్టీ కిందకి తీసుకెళ్లి చూసింది. కోటుకూ కాలరుకూ ఆమెకు తేడా తెలియలేదు. తిప్పి చూసింది, మడిచి చూసింది. రెండూ ఒకటే మట్టిరంగు.

"తేడా ఏముంది మాస్టారూ?"

"ఏముందంటారేంటి. కళ్లెదురుగా కనబడుతుంటే."

నిజానికి ఆ గదిలో మాస్టారుకూ ఏమీ కనబడలేదు. ఒక్క క్షణం ఆయన కూడా తడబడ్డాడు. కానీ పెళ్లి హాలు వాకిట్లో అందరి ముందూ గుర్తుపట్టి వచ్చినవాడు, ఇప్పుడు కనబడలేదంటే పరువేం కావాలి. అందుకని కనబడినట్టే మాట్లాడాడు. "మిగతావి కూడా ఓసారి చూసుకోండమ్మా. సరిచేసి ఇస్తే సరే, లేదంటే నా గుడ్డ నాకిచ్చేయండి, ఇంకెవరిచేతైనా కుట్టించుకుంటాను" అని వెళ్లిపోయాడు.

ఆమె కుట్టిన కోట్లన్నీ ముందేసుకొని చూసింది. ఏ కాలరు ఏ గుడ్డదో ఒక్కటీ తేలలేదు. బయట పట్టుకొని చూద్దామంటే ఎడతెగని వాన. వాన లేకపోయినా వెళ్లేది కాదేమో. అప్పటికే ఆమె మనసులో ఇంకో భయం కూర్చుంది. వాళ్లమ్మకు చూపు మందగించింది ఈ వయసులోనే. ఆవిడకూ ముందు రంగులే పోయాయి.

కళ్ల డాక్టరు అక్షరాల పలక చదివించి, టార్చి వేసి చూసి, "మీ కళ్లు భేషుగ్గా ఉన్నాయమ్మా" అన్నాడు. ఆమె నమ్మలేదు. "అక్షరాలు కనబడితే రంగులు కనబడ్డట్టేనా? ఆయనకేం తెలుసు కుట్టుపని" అంది ఇంటికొచ్చి.

కెపాసిటీ చలించిపోయాడు. భార్య కళ్ల కోసం ఏం చేయడానికైనా ఆయన సిద్ధమే. ఆయనకు చేతనైంది ఒకటే. పక్కనే ఇంకో పదివేల పట్టీ అతికించాడు.

"ఇప్పుడెలా ఉంది?"

"దారం కూడా కనబడట్లేదు."

"అలవాటు పడాలి మరి. కెపాసిటీ ఎక్కువ కదా."

ఆమె మిషను మీద గుడ్డ కప్పి, ఎదురింటావిడను పిలిచి, మిషను నువ్వు తీసుకుంటావా అని అడిగింది. పెళ్లికి ముందు నుంచీ ఉన్న మిషను అది. రేపు వచ్చి చూస్తానని ఆవిడ సంబరంగా వెళ్లింది. ఆమె తొక్కే మిషను చప్పుడు లేని ఇంటిని కెపాసిటీ ఇంతవరకూ ఎరగడు.

మర్నాడు సాయంత్రం చినుకుల్లో ఆమె తమ్ముడు వ్యాను తెచ్చి సరిగ్గా గుమ్మానికెదురుగా ఆపాడు. సరుకులు తోలే బండి అది. బావ ప్రయోగాలన్నిటికీ మొదట బలయ్యేది ఈ బండే. నాలుగువేల మూడొందల హెచ్‌ఐడితో మొదలైంది. వానలో సరిగా కనబడటం లేదంటే ఆరువేలు వేశాడు. ఇంకా కనబడటం లేదంటే ఎనిమిదివేలు. ఇప్పుడు పదివేలు.

"బావా, వీటిని పీకెయ్" అన్నాడు తమ్ముడు దిగుతూనే.

"పదివేలు రా అవి. ఈ లైన్లో ఏ బండికీ లేవు."

"ఎందుకుంటాయి. వాళ్లకి ఇళ్లకి చేరాలని ఉంటుందిగా. రోడ్డంతా చేపల తొట్టిలా ఉంది బావా. గాల్లో వాన కనబడుతోంది, కింద గుంట కనబడట్లేదు. ఎదురొచ్చేవాళ్లు ఆపి మరీ మన పెద్దల్ని పేరుపేరునా తలుచుకుంటున్నారు."

"కుళ్లు. కెపాసిటీ ఓర్వలేక."

"వాళ్ల కళ్లలోకే కొడుతోందిగా, కుళ్లెందుకు. పాత పసుపు బల్బుల కోసం చేసిన చిప్పలో ఈ దీపం పెడితే వెలుగు చెల్లాచెదురవుతుందని మొన్న చెక్‌పోస్టులో ఒకాయన చెప్పాడు. దీనికి వెలుగును ఒక్కచోటికి చేర్చే వేరే అద్దం గుండు ఉండాలంట కదా."

కెపాసిటీకి ఆ సంగతి తెలుసు. గుండు బిగించడం పెద్ద పని, బావమరిది బండే కదా అని వదిలేశాడు. గొణుక్కుంటూ బానెట్ ఎత్తాడు. బలాస్టులు విప్పి, పెట్టెలో అడుగున పడి ఉన్న పాత హాలోజన్ బల్బులు వెతికి బిగించాడు. వాటిని ముట్టుకుంటున్నప్పుడు ఆయన మొహం, చిన్ననాటి అప్పు తీరుస్తున్నవాడి మొహంలా ఉంది.

"వెయ్యరా స్విచ్చి."

తమ్ముడు వేశాడు. పసుపు వెలుగు తెరిచిన తలుపులోంచి నేరుగా ముందుగదిలోకి పడింది. అక్కడ ఆమె నేల మీద కూర్చొని, మాస్టారుకు తిరిగివ్వాల్సిన కోట్లు మూట కడుతోంది. కడుతున్న చేయి ఆగిపోయింది.

కోటు ఎర్రబడింది. దాని మీద కాలరు ఎర్రబడలేదు.

ఆమె ఇంకో కోటు తీసింది. ఇది సరిగ్గానే ఉంది. ఇంకోటి. దీనికి కాఫీ రంగు. మూట విప్పేసి ఒక్కొక్కటీ వెలుగులోకి పట్టి, ఎడమ పక్కకొకటి, కుడి పక్కకొకటి వేసుకుంటూ పోయింది. కెపాసిటీ బానెట్ చాటునుంచి ఇదంతా చూశాడు. ఆమె లేచి వెనక గదిలోకి వెళ్లి, పట్టీల కింద ఒక కోటు పట్టుకొని చూసి, మళ్లీ వ్యాను వెలుగులోకి వచ్చింది. మళ్లీ లోపలికెళ్లింది. మళ్లీ వచ్చింది. ఆమె ఇక అడగబోయేదేమిటో ఆయనకు తెలిసిపోయింది.

"ఏవండీ. నా కళ్లకేమైనా అయిందా?"

అక్కడ ఆయనకు దారులు లేకపోలేదు. వోల్టేజీ అనొచ్చు. వర్షాకాలం తేమ అనొచ్చు. ఇన్నేళ్లూ బోలెడంతమందికి అలాంటివి అప్పటికప్పుడు అల్లి చెప్పిన నోరు అది. కానీ ఆమె కోటును రెండు చేతులతో గుండెకు హత్తుకొని నిలబడి ఉంది, ఆయన ఏమంటాడా అని.

"నీ కళ్లకేం కాలేదు" అన్నాడు. "నా దీపమే బాగాలేదు."

తమ్ముడు సీటు మీంచి తల బయటపెట్టి, ఆ క్షణం గాంభీర్యాన్ని గౌరవిస్తూ, "మరి పదివేల కెపాసిటీ బావా?" అన్నాడు.

"ఇంజను ఆపకు" అన్నాడు కెపాసిటీ.

ఆ సాయంత్రం ఆమె వ్యాను వెలుగులోనే గుమ్మం మీద కూర్చొని తప్పు కాలర్లన్నీ విప్పేసింది. కుట్లు ఊడదీయడానికి మొగుడూ తమ్ముడూ చెరో కోటు పట్టారు. కెపాసిటీకి బలాస్టు విప్పినంత తేలిగ్గా కుట్టు ఊడిరాలేదు. "గుడ్డ చింపకండి, అది మాస్టారుది" అని ఆమె గసిరింది. ఎన్నాళ్లకో ఆమె గసరడం విని ఆయనకు కడుపు నిండినట్టయింది. వీధిలో పోయేవాళ్లు, ఇదేం కొత్త వ్యాపారమని ఆగి చూసి పోయారు. మధ్యలో ఎదురింటావిడ మిషను కోసం వచ్చింది. "అమ్మట్లేదమ్మా" అంది ఆమె తల ఎత్తకుండా. ఆవిడ మొహం మాడ్చుకొని వెళ్లింది.

ముసురు విడిచాక వచ్చిన బ్యాండు మాస్టారు కోట్లు వాకిట్లోకి తెచ్చి ఒక్కోటి తిప్పి తిప్పి చూశాడు. ఏ తప్పూ దొరకక, కాస్త నిరాశగానే తీసుకెళ్లాడు.

ఇక మిగిలింది కె. దీపాలు కొనే దుకాణానికి వెళ్లి, కౌంటరు మీద మోచేయి ఆనించి, కెపాసిటీ అతి మామూలుగా అడిగాడు. "అవునూ, ఈ కె అంటే ఏమిటని మీరు అందరికీ చెబుతుంటారు?"

"కెల్విన్. రంగు లెక్కండి అది. అంకె తక్కువైతే పసుపు, పెరిగేకొద్దీ తెలుపు, ఇంకా పెరిగితే నీలం. వెలుతురు ఎంతన్నది ల్యూమెన్లలో చూడాలి. మరీ నీలానికి పోతే ఆ ల్యూమెన్లే తగ్గుతాయి."

"మరి ఎండ కూడా తెల్లగానే ఉంటుందిగా. ఎండలో రంగులు బాగానే కనబడతాయే."

"ఎండలో అన్ని రంగులూ ఉంటాయండి. చవక ఎల్‌ఈడిలో ఎరుపు ఉండదు. దీపంలో లేని రంగు గుడ్డ మీద ఎక్కణ్నుంచి వస్తుంది?" దుకాణదారు అనుమానంగా చూశాడు. "మీకు తెలీదా?"

"తెలుసు. మీకు తెలుసో లేదో అని."

అని తప్పించుకున్నాడు గానీ, ఈ పాఠాన్ని మర్నాడు ఇంట్లో ఒప్పజెప్పబోతే ఆమె వినిపించుకోలేదు. కెల్విన్ ఎవరో ఆమెకు అక్కర్లేదు. రెండు గుడ్డముక్కలు చేతిసంచిలో వేసుకొని, మొగుణ్ని వెంటబెట్టుకొని అదే దుకాణానికి బయల్దేరింది. ఒకటి మెరూన్, ఒకటి కాఫీ రంగు.

"ఏ కె కావాలమ్మా?" అన్నాడు దుకాణదారు.

"కె నీ దగ్గరే ఉంచుకో నాయనా. ఈ ముక్క ఎర్రగా కనబడాలి, ఈ ముక్క అలా కనబడకూడదు. అలాంటిది ఇవ్వు."

దుకాణంలో వేలాడుతున్న హోల్డరులో బల్బులు ఒక్కోటీ పెట్టి వెలిగించడం మొదలైంది. ఆమె కింద నిలబడి రెండు ముక్కలూ పక్కపక్కన పట్టుకుంటుంది. కాసేపు చూసి తల అడ్డంగా ఊపుతుంది. బల్బు కొనడానికి వచ్చిన ఇంకో ఇద్దరు ఆడవాళ్లు తమ పని మరిచిపోయి ఆమె పక్కన చేరారు. అందులో ఒకావిడ తన పైట కొంగు కూడా వెలుగులోకి చాచింది.

"ఇది పర్లేదేమో" అన్నాడు కెపాసిటీ పైనుంచి. స్టూలు ఎక్కి బల్బులు మార్చే ఉద్యోగం ఆయనదే.

"మీరు చెప్పకండి" అంది ఆమె. "తర్వాతిది పెట్టండి."

ఆయన చేయి కాలకుండా రుమాలు చుట్టుకొని, బల్బు తిప్పి తీశాడు.