ఒక కొలత మందు మిగిలింది

శనివారం సాయంత్రం మా మందిరంలో అక్కలు చింతపండు పిసికి ఇత్తడి పళ్ళేలు తోముతుంటే, ఆ పుల్లని వాసనకు నాకు ముందుగా గుర్తొచ్చేది మరునాటి ప్రభువు బల్ల ఆరాధన కాదు, రాజమండ్రిలో ఒక తుపాకుల కొట్టు. ఈ మాట బయటికి చెప్పడానికి చాలాకాలం సిగ్గుపడ్డాను. ఇప్పుడు పడను. ఆ కొట్టు యజమాని వీర్రాజు గారు, కాల్చేసిన రైఫిల్ తూటాల ఇత్తడి గొట్టాలను చింతపండు నీళ్ళలో నానబెట్టి, తోమి, ఎండబెట్టి, వాటిలో మళ్ళీ తుపాకి మందు పోసి, గుండు బిగించి తూటాలు కట్టేవారు. పాత విదేశీ రైఫిళ్ళకు తూటాలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఆయన చేతి తూటాలే వాటికి దిక్కు. తొంభైల మధ్యలో నాలుగేళ్ళు నేను ఆయన దగ్గర పనిచేశాను.

మా నాన్నగారు సంఘ కాపరి. డిగ్రీ అయ్యాక నేను ఆ కొట్టులో రిజిస్టర్లు రాయడానికి చేరితే, సంఘ పెద్ద ఒకాయన, "ప్రార్థనలో పెరిగిన పిల్లవి, ప్రాణాలు తీసే సరుకు ముట్టుకుంటావా రూతమ్మా?" అన్నారు. ఆ మాట బాధపడుతూ వీర్రాజు గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ, "ఆదివారం మధ్యాహ్నం ఆయన ఏం తింటారో కనుక్కో అమ్మా. కోడి తనంతట తను వచ్చి కూరలో దూకదు కదా," అన్నారు. వయసులో ఉన్నప్పుడు ఆయన జమీందార్ల వెంట తుపాకీ మోస్తూ పెద్ద వేటలకు వెళ్ళిన మనిషి. వేట నిషేధించాక, చేలల్లో పడే అడవి పందుల కోసం అటవీ శాఖ నుంచి అనుమతి కాగితం తెచ్చుకున్న రైతులకు మాత్రమే తూటాలు కట్టేవారు. కాగితం లేకపోతే ఎంతటివాడైనా మజ్జిగ తాగి వెళ్ళిపోవలసిందే.

తుని అవతల చెరకు వేసే సూర్నారాయణ గారు తాతగారి రైఫిల్ పట్టుకుని వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అది త్రీ సెవెంటీ ఫైవ్ బోరు, గొట్టం లావు, దెబ్బ పెద్దది. వెంట వచ్చిన బావమరిది, అంతకన్నా చిన్నదైన తన త్రీ ఫిఫ్టీన్ చాలంటాడు. ఈయన ఒప్పుకోడు.

"అది పంది కాదండీ బాబూ, చిన్న సైజు ఏనుగు. దీనికైతేనే పడుద్ది!"

"ఏనుగే అయితే చంపడమెందుకండీ? టిక్కెట్టు పెట్టి చూపించండి," అన్నారు వీర్రాజు గారు. తరవాత నవ్వు ఆపి, "మీ చెరకు అవతల ఏముంది?" అని అడిగారు.

"కూలోళ్ళ పాకలండీ."

"అయితే బోరు ఎంచవలసింది పందిని చూసి కాదండి, పాకల్ని చూసి. మీ రైఫిల్ ఏనుగు కోసం పుట్టింది. దాని తూటా పందిలోంచి దూసుకుపోయి, పాక తడిక కూడా దాటుద్ది. మీ బావమరిది గారి తుపాకీ వాడుకోండి."

సూర్నారాయణ గారి మొహం చిన్నబోయింది. తాతగారి రైఫిల్ మీద ప్రాణం ఆయనకు. చివరికి వీర్రాజు గారే దిగివచ్చారు. మందు తగ్గించి, మెత్తని గుండు పెట్టి, మెల్లగా పోయే తూటాలు పది కట్టిస్తానన్నారు. మంచె మీద కూర్చుని, నేల వైపుకే కాలుస్తానని మాట తీసుకున్నారు.

ఆ పది తూటాలూ నేనే కట్టాను. అప్పటికి ఆ పని నాకు వచ్చు. పని నాకు అప్పగించి వీర్రాజు గారు లైసెన్సు పని మీద బయటికి వెళ్ళారు. సూర్నారాయణ గారు బల్ల మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. పన్నెండు గంటలకు ఎక్కడున్నా, చేతిలో ఏ పని ఉన్నా ఆపి కళ్ళు మూసుకోవడం నాన్నగారు నేర్పిన అలవాటు. దాన్ని తప్పనందుకు నాకు లోలోపల గర్వం కూడా ఉండేది. వరసలో సగం గొట్టాలకు మందు పోశాక పన్నెండు కొట్టింది. కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన ముగించి, ఆపిన చోటు ఇదేననుకుని మళ్ళీ మొదలుపెట్టాను. గుళ్ళు బిగించాక ఒక్కో తూటానూ కంసాలి త్రాసులో తూచాలి. "బస్సు పోద్దమ్మా," అన్నారాయన. తూచకుండానే ఇచ్చేశాను.

రెండింటికి వచ్చిన వీర్రాజు గారు, అలవాటు ప్రకారం మందు డబ్బా తూచి రిజిస్టరులో లెక్కతో సరిచూశారు.

"ఒక కొలత మిగిలిందేంటమ్మా?"

"మిగిలితే మంచిదే కదండీ," అన్నాను.

ఆయన మెల్లగా కూర్చున్నారు. "తగ్గితే ఎక్కడో ఒలికిందనుకుందును. మిగిలిందంటే ఒక గొట్టంలో పడలేదు. మీట నొక్కితే, వెనకున్న కేపులో చిటికెడు మందు పేలి, ఆ దెబ్బకే గుండు కదిలి తుపాకీ గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. పేలలేదనుకుని ఆయన ఇంకోటి వేస్తాడు. అప్పుడు పేలేది రైఫిలే. ఆయన మొహం మీద. తూచావా?"

"తూచానండి" అనే మాట నా నోటి దాకా వచ్చింది. "లేదండి," అన్నాను.

ఆయన త్రాసు సంచిలో పెట్టుకుని లేచారు. ఎస్టీడీ బూత్ నుంచి సూర్నారాయణ గారింటికి ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తేవారు లేరు. తుని బస్సెక్కాం. దారి పొడుగునా నేను దేవుణ్ణి అడిగింది ఒక్కటే, ఆయన ఇంకా మంచె ఎక్కకూడదని.

దీపాలు పెట్టే వేళకు చేరాం. సూర్నారాయణ గారు అరుగు మీద రైఫిల్‌కు నూనె పట్టిస్తున్నారు. తూటాలు పదీ పక్కన తువ్వాలు మీద ఉన్నాయి. మెట్టు మీద నుంచే వాటిని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

"ఏంటండీ, ఇద్దరూ ఇలా ఊడిపడ్డారు?"

"వేట కూరకి పిలుస్తారో లేదోనని ముందే వచ్చేశామండి," అని, వీర్రాజు గారు విషయం చెప్పారు.

"ఎవరిదండీ పొరపాటు? అమ్మాయిదా?"

"కొట్టు నా పేరున ఉందండి."

అంతే అన్నారు. ఒకరి తప్పు మరొకరు మోయడం గురించి చిన్నప్పటి నుంచి ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. మందిరం గడప ఎప్పుడూ తొక్కని మనిషి, ఆ అరుగు మీద, దాన్ని నాకు కళ్ళారా చూపించారు.

తూటాలు ఒక్కొక్కటిగా తూస్తుంటే, ఎనిమిదో దానికి త్రాసు పళ్ళెం తేలిపోయింది. ఆయన పట్టకారుతో గుండు లాగి, గొట్టాన్ని నా అరచేతిలో బోర్లించారు. ఏమీ రాలలేదు. నా చేతిలో పడ్డ ఆ ఏమీలేనితనాన్ని చూసి నేను ఏడ్చాను, నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. సూర్నారాయణ గారి భార్య మంగళసూత్రాలు కళ్ళకద్దుకుని, లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చారు. "పంది అదృష్టం చూడండి, ఇవాళ్టికి దానికీ సెలవే," అన్నారు సూర్నారాయణ గారు. రైఫిల్ తీసుకెళ్ళి లోపల పెట్టేశారు.

తిరుగు బస్సులో, ఇక పన్నెండు గంటలప్పుడు ప్రార్థన మానేస్తానని చెప్పాను.

"మానెయ్యడమెందుకు? మొదలుపెట్టిన వరస పూర్తిచేసి చేసుకో. దేవుడు రెండు నిమిషాలు ఆగుతాడమ్మా, ఏమీ అనుకోడు. సగంలో వదిలిన తూటా ఆగదు. రేపటి నుంచి ఖాళీ గొట్టాలన్నీ బోర్లించి పెట్టుకో. మందు పోసేటప్పుడే ఒక్కోటీ నిలబెట్టు."

వీర్రాజు గారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆదివారం ఉదయం ప్రభువు బల్లకు చిన్న గిన్నెల్లో ద్రాక్షరసం పోసే పని నాది. అన్నీ బోర్లించి పెట్టుకుంటాను. ఒక్కోటీ తిప్పి నింపుతాను. చివరి గిన్నె నిండాక సీసాలో ఎంత మిగిలిందో ఒకసారి చూస్తాను. కళ్ళు మూసుకునేది ఆ తరవాతే.